రెండో కొత్త సంవత్సరం

"నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననడం లేదు రాస్మీ. నిజం చెప్పడానికి కాస్త టైం తీసుకుంటున్నావంటున్నాను, అంతే."

రాస్మీ మూవట్ నా మొహం వంక చూడలేదు. నా గిన్నెలో ఇంకో గరిటెడు సూపు పోశాడు. పొయ్యి మీద పొగకి వేలాడదీసి ఎండబెట్టిన గొర్రె మాంసంతో కాచిన సూపు అది. పొద్దున్నుంచి ఇది నాకు మూడో ఇంట్లో మూడో గిన్నె. వద్దని ఒక్క ఇంట్లోనూ అనలేదు.

ఆ రోజు జనవరి ఆరు. మిగతా షెట్లాండ్ దీవులన్నీ పండగ దీపాలు ఊడదీసి అటకెక్కించిన రోజున స్నారా దీవిలో యూల్ పండగ, అంటే వీళ్ళ క్రిస్మస్. తాతల నాటి పాత కాలెండర్‌ని వీళ్ళు ఇప్పటికీ వదల్లేదు. ఊరంతా కలిపి చిమ్నీలు ముప్పై దాటవు గానీ, పండగ పూట గుమ్మం తొక్కిన మనిషిని తినిపించకుండా ఏ ఇంటివాళ్ళూ పంపరు. నాలాంటి దాన్ని నాలుగు ప్రశ్నలు అడిగి రమ్మని పంపడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు. నా పేరు ఇంగా హాల్‌క్రో. లెర్విక్‌లో లాయర్ల తరఫున నిజాలు వెతికిపెట్టడం నా పని. అరవైకి దగ్గర పడ్డాను. ఒంట్లో రోగం లేదు, మనసులో దిగులు లేదు, ఆకలి మాత్రం దండిగా ఉంది.

దిగులంతా మా లాయరు పంపిన కేసులో ఉంది.

ఓస్లా ఇంక్‌స్టర్ స్నారాలో అందరికంటే బాగా ఊలు అల్లే మనిషి. మూడేళ్ళ క్రితం పడవల రేవులో, పడవని నీళ్ళలోంచి పైకెత్తే వించ్ కింద పడి ఆమె కుడిచెయ్యి నలిగింది. ఇప్పుడా వేళ్ళు మూసుకోవు. సూది నిలవదు, గొర్రె ఉన్ని కత్తిరించలేదు. దావా గెలిస్తే ఇల్లూ గొర్రెలూ నిలబెట్టుకుంటుంది. ఓడితే అన్నీ అమ్ముకుని, దీవి వదిలి లెర్విక్‌లో చెల్లెలి ఇంట్లో వెనక గదికి చేరాలి. వించ్ ఆల్చిప్పల వ్యాపారి గిల్బర్ట్ ఫార్కర్‌ది. ఆబర్డీన్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు.

మా స్కాట్లండ్ చట్టంలో దెబ్బ తగిలిన మనిషికి గడువు మూడేళ్ళు. కోర్టులో కాగితాలు పడేస్తే చాలదు, ఆ లోపు దావా కాగితం ఎదుటివాడికి అందాలి. 'పక్కింటివాడి మీద కేసేమిటి' అని ఓస్లా నానుస్తూ కూర్చుంది. చివరికి ఈ నెల నాలుగున కోర్టు మనిషి గిల్బర్ట్ చేతిలో కాగితం పెట్టాడు.

ప్రమాదం కొత్త సంవత్సరం రోజున జరిగింది. అది అందరూ ఒప్పుకున్నదే. పేచీ అంతా ఏ కొత్త సంవత్సరం అన్నదాని మీదే. స్నారా వాళ్ళకి జనవరి పదమూడు. గిల్బర్ట్‌కి, లోకానికంతటికీ, జనవరి ఒకటి. పదమూడైతే దావా బతికి ఉంది. ఒకటైతే కాగితం అందడానికి మూడు రోజుల ముందే చచ్చిపోయింది.

పండగ పూట ఊరికి దిగులెందుకని ఓస్లా చేతికి గుడ్డ చుట్టుకుని, పైన ఊలు తొడుగు వేసుకుని నెలరోజులకు పైగా దాచింది. చీము పట్టాకే ఆస్పత్రికి వెళ్ళింది. కాబట్టి ఆ రోజు వించ్ దగ్గరున్నవాళ్ళు తప్ప తారీఖు చెప్పగల మనిషి ఊళ్ళో లేడు. ఓస్లా పదమూడంటుంది, గిల్బర్ట్ ఒకటంటాడు. ఇద్దరికీ స్వార్థం ఉంది. మిగిలింది వించ్ పిడి పట్టుకున్న రాస్మీ. గిల్బర్ట్ ఇన్సూరెన్స్ కంపెనీ ఎడింబరో నుంచి దింపిన పరిశోధకుడు క్రాఫర్డ్ లౌడన్ నాకంటే ముందే వచ్చి, రాస్మీ చేత సంతకం పెట్టించుకున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నాను.

"ఆ ఎడింబరో ఆయనకి చెప్పాను కదమ్మా."

"ఆయనకి నువ్వు సూపు పొయ్యలేదుగా. నాకు పోశావు, నాకూ చెప్పు."

రాస్మీ మూతి మీద నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చర్చిలో పెద్ద, ఎవరి గురించీ చెడ్డమాట అనడని పేరు.

"మధ్యాహ్నం. రేడియోలో పన్నెండింటి వార్తలు అప్పుడే అయిపోయాయి. గిల్బర్ట్ గారు పడవ ఎత్తమన్నారు. నేను పిడి దగ్గర ఉన్నాను. ఓస్లా తాడు సర్దుతోంది. కొండ మీంచి ఎండ సూటిగా కళ్ళలో కొట్టింది. ఏమీ కనపళ్ళేదు. పిడి జారింది. బ్రేకు పట్టలేదు."

"గిల్బర్ట్ ఎక్కడున్నాడు?"

"ఎత్తమని చెప్పి షెడ్డులోకెళ్ళిపోయారు."

"ఓస్లాకి ఆయన దగ్గర జీతం లేదు కదా. అక్కడికెందుకొచ్చింది?"

రాస్మీ గరిటె కింద పెట్టాడు. "వచ్చింది. అంతే."

"మీ కొత్త సంవత్సరం రోజున ప్రతి పనీ కాస్త కాస్త మొదలెడతారు కదా. నాలుగు వరసలు అల్లడం, రెండు పారలు తవ్వడం, పడవ మీద ఒక చెయ్యి వెయ్యడం. ఏడాదంతా పని కలిసి రావాలని. ఓస్లా అందుకే వచ్చానంటోంది."

"ఆవిడ ఏదనుకుని వచ్చిందో నాకేం తెలుసు? నాకు తెలిసింది, అది గిల్బర్ట్ గారి కొత్త సంవత్సరం."

ఆ మాట కిటికీతో చెప్పాడు, నాతో కాదు.

పండగ కదా, నాకొక గ్లాసు విస్కీ పోశాడు. తన గ్లాసు బోర్లించే ఉంది.

"నువ్వు పోసుకోవా?"

"మానేశాను."

"యూల్ రోజున కూడానా? చాదస్తం కాకపోతే! ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళైంది. సూపు చల్లారిపోతోంది, తాగమ్మా."

గుమ్మం పక్కన పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు నింపిన బుట్టలు రెండున్నాయి. ఒంటరివాడికి ఒకటి చాలు. రెండోది ఓస్లా ఇంటికట. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆవిడ గుమ్మంలో పెట్టి వస్తాడని పక్కింట్లో రెండో గిన్నె సూపుతో పాటు నాకు చెప్పారు.

రాస్మీ దాస్తున్నదేదో ఉంది. కానీ పండగ పూట ముసలాయన్ని గద్దించడానికి నాకు మనసొప్పలేదు. గిన్నె ఖాళీ చేసి రేవుకి బయల్దేరాను.

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఊళ్ళోంచి దిగే దారంతా ఎండకి మంచు కరిగి బురద బురదగా ఉంది. రేవు దగ్గరికొచ్చేసరికి కాలు జర్రున జారింది. చూస్తే రేవు మొత్తం తెల్లగా గడ్డకట్టి ఉంది. వించ్ మీద, తాళ్ళ మీద, గోడల మీద, వేలెడు మందాన మంచు.

వించ్‌ని చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. పచ్చరంగు కొత్తగా పులిమారు. కానీ బ్రేకు పట్టీ దగ్గర రంగు కింద ఇనుము సగానికి పైగా అరిగి ఉన్న సంగతి గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మూడేళ్ళైనా దాన్ని మార్చలేదు, రంగేసి ఊరుకున్నారు. ఎంత ధైర్యం!

"ముట్టుకోకండి, మిసెస్ హాల్‌క్రో."

లౌడన్. సన్నగా పొడుగ్గా, పెళ్ళికి వెళ్ళే జోళ్ళు వేసుకుని, మంచు మీద ఒక్కో అడుగే ఏరుకుంటూ వస్తున్నాడు.

"ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి. ఇంజనీరు వచ్చి చూసేదాకా ఇద్దరం దీని జోలికి రావద్దు. సరేనా?"

"సరే." చెయ్యి చాచాడు. నాకు నచ్చని మనిషే గానీ, చెయ్యి గట్టిగానే కలిపాడు. "అయినా ఇంజనీరు ఎందుకు లెండి? బ్రేకు ఎంత పాడైతే ఏం? గడువు దాటిపోయాక దాన్ని అడిగేవాడెవడు?"

"దాటలేదు."

"మీ పాత కాలెండర్ సంగతి నాకు తెలీదనుకుంటున్నారా? చదువుకునే వచ్చాను. అందుకే ఆ ముసలాయన్ని 'మీదా, గిల్బర్ట్ గారిదా' అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే చెప్పాడు. ఆయనకి ఇందులో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రేపు తీర్పు చెప్పే షెరీఫ్ ఎవరి మాట నమ్ముతారు?"

"గడువు దాటినా, న్యాయమనిపిస్తే షెరీఫ్ వినొచ్చు. చట్టంలో ఉంది."

"ఉంది. ఆ దయ మీద ఇల్లు కట్టుకోమని మీ ఓస్లాకి చెబుతారా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ మాట నిజం. కాళ్ళ వంక చూసుకున్నాను. మంచు మీద మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేమీ లేవు. మంచు ఎక్కడా కరగలేదు. పైన దారంతా బురదైతే ఇక్కడ ఎందుకు కరగలేదు?

తలెత్తాను. రేవుకి దక్షిణాన కొండ. దాని వెనక ఆకాశం బంగారంలా వెలుగుతోంది. దూరంగా సముద్రం మీద ఎండ. మధ్యలో రేవు మొత్తం నీడ.

"టైమెంతైంది?" అన్నాను.

"పన్నెండు దాటింది. ఎందుకు?"

"ఊరికే. చలి బాగుంది కదా, కాసేపు నిలబడదాం."

"బాగుందా?"

"నా దగ్గర రొట్టె ముక్క ఉంది. తింటారా?"

ఆయన వద్దన్నాడు. నేను తింటూ నిలబడ్డాను. వెన్న కూడా రాసి ఇచ్చారు మహాతల్లులు. కొండ అంచున వెలుగు కుడివైపుకి జరిగింది తప్ప, సూర్యుడు తల పైకెత్తలేదు. కాసేపటికి వెలుగు పల్చబడింది.

"ఇక ఇవాళ్టికి అంతే," అన్నాను, చేతులు దులుపుకుని. "మిస్టర్ లౌడన్, మీ దగ్గరున్న రాస్మీ కాగితం ఒకసారి తీయండి. పిడి ఎందుకు జారిందని రాశారు?"

"కళ్ళలో ఎండ..." ఆగిపోయాడు.

"ఏదీ ఎండ?"

ఆయన కొండ వంక చూశాడు. చేతి గడియారం వంక చూశాడు. మళ్ళీ కొండ వంక చూశాడు. తెలివైనవాడు, నేను విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కానీ చెప్పే సరదా నేనెందుకు వదులుకుంటాను?

"ఇవాళ ఆరు. ఒక్క మబ్బు లేదు. అయినా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ కొండ దాటలేకపోయాడు. ఒకటో తారీఖున ఇంకా కిందే ఉంటాడు. ఆ రోజు ఇక్కడ ఎవరి కళ్ళలోనూ ఎండ పడదు. పదమూడుకి కాస్త పైకొస్తాడు, అప్పుడు పడుతుంది. మీ సాక్షి, మీ సంతకం, మీ కాగితం."

లౌడన్ కోటు కాలర్ పైకి లాక్కున్నాడు. తర్వాత, "నేను గిల్బర్ట్ గారితో మాట్లాడాలి," అని వెనక్కి తిరిగాడు. జోళ్ళు జారి, పడబోయి, గోడ పట్టుకున్నాడు. నేను నవ్వలేదు. అంటే, ఆయన వినేటంత గట్టిగా నవ్వలేదు.

తిరిగి రాస్మీ ఇంటికి వెళ్ళేసరికి ఓస్లా అక్కడుంది. బానక్ రొట్టెల పళ్ళెం ఎడమచేత్తో మోసుకొచ్చింది. కుడిచెయ్యి ఎప్పట్లాగే ఊలు తొడుగులో ఉంది.

గెలిచిన ఉత్సాహం ఆపుకోలేక గుమ్మంలోంచే మొదలెట్టాను. కొండ, నీడ, ఎండ, అన్నీ చెప్పాను. ఓస్లా కళ్ళు మెరిశాయి.

"అవును! ఎండ రేవులోకి యూల్ వెళ్ళాకే వస్తుంది. అదంతా మాకు అలవాటై, ఎవరికీ తట్టనేలేదు!"

రాస్మీ మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. "ఇంగా, ఆ మాట కోర్టులో చెప్పకు."

"ఎందుకు చెప్పను?"

"ఎండా లేదు, గిండా లేదు. ఆ రోజు మబ్బు."

ఓస్లా పళ్ళెంలోంచి తీసుకున్న రొట్టె నా చేతిలోనే ఉండిపోయింది. ఇంత సేపు చలిలో నిలబడి సాధించిన ఘనకార్యం! ఒక్క ముక్కతో గంగలో కలిసింది.

"మరి కళ్ళలో ఏం కొట్టిందయ్యా?"

"విస్కీ." బోర్లించి ఉన్న తన గ్లాసు వంక చూస్తూ అన్నాడు. "పొద్దున్నుంచి తొమ్మిదిళ్ళు తిరిగాను. ఇంటికో గ్లాసు. కాళ్ళు నిలబడ్డాయి గానీ చేతులు నిలబడలేదు. పిడి వదిలేశాను. చర్చి పెద్దని, తాగి ఆడమనిషి చెయ్యి నలిపేశాను. ఆ ఎడింబరో ఆయన అన్నాడు, అది ఒకటో తారీఖైతే కేసే ఉండదు, నిన్ను ఎవరూ ఏమీ అడగరు అని. సంతకం పెట్టేశాను ఓస్లా. నీ ఇల్లు పోతుందని తెలిసీ పెట్టాను."

ఆయన ఏడ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి ఏడుపు చూడ్డం కష్టం.

ఓస్లా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

"పిచ్చి రాస్మీ. నాకు తెలీదా? నీ ఎదురుగానే ఉన్నాను కదా. పైగా ఆ తొమ్మిదిళ్ళలో ఒకటి మాది. రెండో గ్లాసు వద్దంటున్నా పోసింది నేనే."

"తెలిసి... లాయరుతో చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యను? నువ్వు రోజూ పీట్ గడ్డలు మోస్తున్నావు. నాకది చాలు. బ్రేకు బాగుంటే, నువ్వు పిడి వదిలినా పడవ ఆగేది. నేను ఫార్కర్‌నే అడిగాను, నిన్ను అడగలేదు."

నేను తేరుకున్నాను. "ఆగండి. రాస్మీ, నీ తప్పుకి కూడా పని చేయించుకున్న యజమానే జవాబు చెప్పాలి. నువ్వు తాగావని గిల్బర్ట్‌కి తెలుసా?"

"నేనే చెప్పాను. 'అయ్యా, తాగి ఉన్నాను, ఇవాళ నన్ను పిడి దగ్గర పెట్టకండి' అన్నాను."

"ఏమన్నాడు?"

రాస్మీ మొహం తుడుచుకున్నాడు. ఆయనకి ఎవరి గురించీ చెడ్డ చెప్పే అలవాటు లేదు, అందుకే ఆ మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "'ఇదేం ఊరయ్యా! కొత్త సంవత్సరం వెళ్ళి రెండు వారాలు కావస్తోంది, మళ్ళీ తాగొచ్చావా? మీకు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందయ్యా కొత్త సంవత్సరం? ఒక్క నిమిషం పని, పట్టుకో' అన్నారు."

ఓస్లా నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను. ఎండ లేకపోతే పోయింది. ఒకటో తారీఖున ఎవడూ ఆ మాట అనడు.

"ఆ మాట నేనూ విన్నాను."

గుమ్మంలో లౌడన్. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు. మొహం పాలిపోయి ఉంది. "నిన్న భోజనాల దగ్గర గిల్బర్ట్ గారే చెప్పారు. తాగి పనికొచ్చిన ముసలాయన, రెండో కొత్త సంవత్సరం. జోకని చెప్పారు. నవ్వాను కూడా. అది ఈ ముసలాయన గురించేనని నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసింది కదా," అన్నాను. "ఎక్కడ రాస్తారు?"

"నా రిపోర్టులో. నేను కంపెనీకి పని చేస్తాను మేడమ్, అబద్ధానికి కాదు."

మొదటిసారి ఆ మనిషి నాకు నచ్చాడు. ఓస్లా కుర్చీ లాగింది. రాస్మీ లేచి గ్లాసు తీశాడు. పండగ పూట గుమ్మం తొక్కిన మనిషి ఎవరైనా మనిషే. ఆ వంటింట్లో కాసేపు అందరికీ గుండె బరువు దిగినట్టైంది. ఓస్లా ఇల్లు ఓస్లాదే. నేను నాలుగో గిన్నె గురించి ఆలోచిస్తున్నాను.

అప్పుడు వినిపించింది. కింద రేవు వైపు నుంచి, ఇనుము మీద ఇనుము.

ఓస్లా చేతిలో పళ్ళెం ఆగింది. "సుత్తి."

"ఇవాళ యూల్," అన్నాడు రాస్మీ, అర్థం కానట్టు. "యూల్ రోజున ఈ దీవిలో ఎవరూ సుత్తి పట్టరు. సూదిలో దారం కూడా ఎక్కించరు."

"ఈ దీవివాళ్ళెవరూ పట్టరు," అన్నాను.

లౌడన్ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. "నేనే చెప్పాను ఆయనకి. ఎండ సంగతి చెప్పాను. తారీఖు నిలబడదన్నాను. ఇక మిగిలింది బ్రేకు ఒక్కటేనని కూడా..." నా వంక తిరిగాడు. "ఇంజనీరు వచ్చేదాకా దాని జోలికి వెళ్ళనని చెయ్యి కలిపాను మీతో."

మా అందరికంటే ముందు ఆయనే తలుపు దాటబోయాడు. రాస్మీ తన రబ్బరు బూట్లు ఆయన మీదకి విసిరాడు. "ఇవి తొడుక్కో బాబూ! ఆ జోళ్ళతో నువ్వు రేవు చేరవు!"

ఓస్లా అప్పటికే బయట ఉంది. కుడిచేతి తొడుగు లాగి పారేసి, గోడ పట్టుకుని, వంకర వేళ్ళతోనే దారి దిగుతోంది. నేను ఆయాసపడుతూ ఆమె వెనక పడ్డాను. మూడు గిన్నెల సూపు మొదటిసారి నాకు బరువనిపించింది.

సగం దారిలో ఉండగా సుత్తి ఆగిపోయింది.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత నీళ్ళలో బరువైన ఇనుమేదో పడ్డ శబ్దం రేవంతా వినిపించింది.